తిరుపతిలో ఉండి రెగ్గే డీజేగా, నిర్మాతగా ఎదగడం ఎలా

ఈ వ్యాసం తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఉంటూ, తమ సొంత మాటలతో జమైకా సంగీతమైన రెగ్గేలో పాటలు చేయాలని, వాటిని తామే నిర్మించి విడుదల చేయాలని కోరుకొనే యువతీయువకుల కోసం రాసినది. మన వైపు ఊరేగింపు ముందు పెద్ద పెట్టెలతో పాటలు వేసేవారిని డీజే అంటారు. జమైకాలో రికార్డులు ఎంచి వేసే వ్యక్తి సెలెక్టర్. అక్కడి డీజే మైకు పట్టుకొని, నడుస్తున్న వాద్యసంగీతం మీద లయ తప్పకుండా మాటలు పలికే కళాకారుడు. నిర్మాత పని డబ్బు పెట్టడంతో తీరిపోదు. వాద్యకారులను సమకూర్చుకొని, రిద్దిం (పాటకు ఆధారమైన డ్రమ్స్, బేస్ వాద్యసంగీతం) కట్టించి, ఏ గొంతు ఏ రిద్దిం మీద పలకాలో నిర్ణయించి, చివరకు రికార్డును జనంలోకి తీసుకువెళ్లే బాధ్యత అంతా ఆయనదే. ఈ రెండు పనులనూ మొదటి రోజు నుంచే కలిపి నేర్చుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. కారణం జమైకా డీజేల జీవితాలలోనే ఉంది కనుక, పరికరాలు కొనడానికి ముందు ఆ జీవితాలను తెలుసుకోవడం మంచిది.

ముందుగా తెలుసుకోవలసిన జీవితాలు

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1942లో పుట్టిన ఈవర్ట్ బెక్‌ఫర్డ్‌ను లోకం యూ-రాయ్ అనే పేరుతో ఎరుగును. ఆయనకు ముందు కౌంట్ మచుకి, కింగ్ స్టిట్ వంటివారు సౌండ్ సిస్టమ్‌ల (పెద్ద పెట్టెలతో నృత్యసభల్లో పాటలు వేసే బృందాల) దగ్గర పాటకూ పాటకూ మధ్య మాటలు పలికి జనాన్ని ఉత్సాహపరిచేవారు. యూ-రాయ్ ఆ మాటలను పాట పొడవునా నిలబెట్టారు. దీనికి దారి తెరిచినది అనుకోకుండా జరిగిన ఒక సంఘటన. 1960ల చివర సౌండ్ సిస్టమ్ యజమాని రడీ రెడ్‌వుడ్ కోసం ఒక రికార్డు చెక్కుతున్నప్పుడు అందులో గాయకుల గొంతు కలపడం మరచిపోయారు. వాద్యం మాత్రమే మిగిలిన ఆ రికార్డును వేసినప్పుడు జనమే పాటను అందుకొని పాడారు. గొంతు తీసేసిన అటువంటి రికార్డులకు వెర్షన్ అన్న పేరు స్థిరపడింది, డీజేలకు మాటలు పలికే చోటు దొరికింది. 1970లో డ్యూక్ రీడ్ నిర్మాతగా యూ-రాయ్ చేసిన మూడు రికార్డులు జమైకాలో ఒకేసారి మొదటి మూడు స్థానాలను ఆక్రమించాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. యూ-రాయ్ మాటలు పలికిన వాద్యసంగీతమంతా డ్యూక్ రీడ్ కొన్నేళ్ల ముందు తీయించిన పాటలదే. టేపు డ్యూక్ రీడ్ చేతిలో ఉంది కనుక పాత పాట నుంచి కొత్త పాట పుట్టించే అధికారమూ ఆయనదే అయింది. యూ-రాయ్ తరువాతి కాలంలో స్టర్ గావ్ పేరుతో సొంత సౌండ్ సిస్టమ్ నడిపి, ఎందరో కొత్త డీజేలకు మైకు అందించారు.

బిగ్ యూత్‌గా పేరు పొందిన మాన్లీ బుకానన్ మెకానిక్‌గా పనిచేస్తూ ఇంజిన్ల మధ్యనే గొంతు సాధన చేసిన మనిషి. 1972లో కీత్ హడ్సన్ నిర్మించిన ఆయన పాట కోసం మోటారు సైకిల్‌ను స్టూడియోలోకే తెచ్చి దాని మోతను రికార్డు చేశారు. పేరు రాగానే ఆయన నెగూసా నగాస్ట్, ఆగస్టస్ బుకానన్ అనే సొంత లేబుళ్లు (రికార్డులు విడుదల చేసే సంస్థలు) పెట్టుకున్నారు. ప్రిన్స్ జాజ్‌బో కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1970ల ఆరంభంలో రికార్డింగ్ సంస్థ అయిన స్టూడియో వన్‌లో ఆయన పలికినవి ఆల్బమ్ రూపంలో రావడానికి ఏళ్లకు ఏళ్లు పట్టింది; 1980లలో ఆయన ఉజామా అనే లేబుల్ స్థాపించి, హొరేస్ ఫెర్గూసన్ వంటి గాయకుల రికార్డులను తానే నిర్మించారు. టాపా జూకీ, జా థామస్ కూడా డీజేలుగా మొదలై నిర్మాతలైనవారే. వీరందరి పాటలనూ వింటున్నప్పుడు రికార్డు మీద నిర్మాత పేరు, లేబుల్ పేరు, ఏ పాత రిద్దిం వాడారన్న వివరం ఒక పుస్తకంలో రాసుకుంటూ వెళ్లండి. ఈ పరిశ్రమ ఎలా నడిచిందో దానంతటదే అర్థమవుతుంది.

గొంతు, మాట, మన యాస

జమైకా యాసను అనుకరిస్తూ తెలుగు పలకడం వద్దు. ఆ డీజేలు తమ వీధి మాటను, స్కూలులో నేర్పని మాటను, రికార్డు మీదకు ఎక్కించారు. వారి నుంచి నేర్చుకోవలసినది ఆ ధైర్యాన్నే. మనకు ఆ మాట సిద్ధంగా ఉంది.

లెక్క వేసి చూపిస్తాను. "యాడికి పోతా ఉండావప్పా" అన్న పలకరింపును గురువులుగా, లఘువులుగా విడదీయండి (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు). యాడికి నాలుగు మాత్రలు, పోతా నాలుగు, ఉండా నాలుగు, ద్విత్వం ముందున్న అక్షరం గురువు కనుక వప్పా నాలుగు. మొత్తం 16 మాత్రలు. రెగ్గేలో ఒక ఆవర్తానికి నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బను నాలుగుగా పంచుకుంటే 16 స్థానాలు. పలకరింపు మొత్తం ఏ సవరణా లేకుండా ఒక ఆవర్తంలో కూర్చుంటుంది. పైగా అసలు బరువు పడే మూడో దెబ్బ మీదకు "ఉండా" వస్తుంది. అదే భావాన్ని "ఎక్కడికి వెళుతున్నావు" అంటే 12 మాత్రలే వస్తాయి. మిగిలిన నాలుగింటిని మౌనంతోనో దీర్ఘంతోనో నింపవలసి ఉంటుంది. అది తప్పు కాదు, కొన్నిచోట్ల ఆ మౌనమే అందం. అయితే ఎక్కడ నిండుతోంది, ఎక్కడ ఖాళీ మిగులుతోంది అన్నది పలికేవారికి ముందే తెలిసి ఉండాలి. ఛందస్సు పాఠాలు పరీక్షతోనే ముగిశాయని అనుకున్నవారు వాటిని మళ్లీ తీసి చదవవచ్చు.

సాధనకు ఈ క్రమం పాటించండి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 75 దెబ్బలకు పెట్టి, మొదట అర్థంతో పని లేకుండా మృదంగ జతులను, తకధిమి, తకజణు వంటివాటిని, నోటితో చెప్పండి. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ మృదంగం నేర్చుకొంటున్న స్నేహితులు ఉంటే ఈ భాగానికి వారికంటే మంచి గురువులు దొరకరు. తరువాత బస్టాండులో, కూరగాయల మార్కెట్టులో, హోటలులో విన్న మాటలను విన్నట్టే రాసుకొని, వాటిలో ఏవి 16 మాత్రలకు సరిపోతాయో వేరు చేయండి. ఆ తరువాతే సొంత పల్లవి రాయండి.

మరొక బడి మన పల్లెల్లోనే ఉంది. చిత్తూరు వైపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధి నాటకం ఉంటాయి. హరిదాసు పద్యం నుంచి వచనంలోకి, వచనం నుంచి పాటలోకి ఎలా జారుతారో, నవ్వించవలసిన మాటకు ముందు ఎంతసేపు ఆగుతారో, చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా అక్షరం అందేలా ఎలా పలుకుతారో దగ్గర కూర్చొని చూడండి. మైకు మనిషికి కావలసిన విద్యలు దాదాపు అన్నీ అక్కడ ఉన్నాయి. వీటిని నేర్చుకొన్న డీజేకు పరభాష నుంచి హావభావాలు అరువు తెచ్చుకోవలసిన అవసరం ఉండదు.

వస్తువు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. రెగ్గేలో చాలా భాగం రాస్తాఫారీ విశ్వాసం నుంచి వచ్చింది. 1930లో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషిక్తుడైన హైలే సెలాసీని ఆ విశ్వాసులు దైవస్వరూపంగా కొలుస్తారు, జడలు వారికి వ్రతం వంటివి. కొండకు మొక్కుకొని తలనీలాలు ఇచ్చే ఊరిలో పుట్టినవారికి, శిరోజాలు భక్తికి గుర్తు కావడం ఎంత గంభీరమైన విషయమో వివరించనక్కరలేదు. ఆ జడలను, ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగులను వేషంగా మార్చకండి. ప్రిన్స్ ఫార్ ఐ అనే డీజే తన ఉరుము వంటి గొంతుతో బైబిలు కీర్తనలను రిద్దిం మీద పఠించి ఒక పూర్తి ఆల్బమ్ చేశారు. భక్తిని రెగ్గేలో పలకదలచినవారు ఆయన పఠనాన్ని వినాలి. ఆయన ఎక్కడా తొందరపడరు, దేన్నీ అలంకరించరు.

రిద్దిం కట్టడం

డ్రమ్స్‌కూ బేస్ గిటారుకూ మధ్య కుదిరిన ఒప్పందమే రిద్దిం. మొదట వన్ డ్రాప్ నేర్చుకోండి. ఇందులో మొదటి దెబ్బను ఖాళీగా వదిలివేస్తారు, మూడో దెబ్బ మీద కిక్ (పెద్ద డ్రమ్ము), స్నేర్ (చిన్న డ్రమ్ము) రెండూ కలిసి పడతాయి. మన సినిమా పాటలకు, డప్పు వరుసలకు అలవాటైన చెవి మొదటి దెబ్బ మీద బరువు కోరుతుంది కాబట్టి మొదట్లో ఇది కాలు లేని కుర్చీలాగా అనిపించవచ్చు. ఆ ఖాళీని నింపకుండా ఉండడమే ఇక్కడి సాధన. గిటారుతోనో పియానోతోనో రెండు, నాలుగు దెబ్బల మీద కార్డును (కలిపి మోగించే స్వరాల గుంపును) పొట్టిగా తుంచి వాయించండి. దానినే స్కాంక్ అంటారు. బేస్ మాత్రం రెండు ఆవర్తాల పొడవున ఒక చిన్న రాగపు ముక్కగా ఉండి, నోటితో కూనిరాగం తీయగలిగేలా ఉండాలి. రెండు కార్డులు చాలు. చెవికి విసుగు పుట్టకుండా పది నిమిషాలు తిరగగల బేస్ దొరికే వరకు వేరే వాద్యం ఏదీ చేర్చకండి.

పరికరాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1985లో రెగ్గే దిశనే మార్చిన స్లెంగ్ టెంగ్ రిద్దిం కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో ముందే నింపి ఉన్న ఒక లయ నుంచి వచ్చింది. ఆ లయను కాసియోలో రూపొందించినది హిరోకో ఒకుడా అనే యువ ఉద్యోగిని. గాయకుడు వేన్ స్మిత్, నోయెల్ డేవీ దానిని కనుగొంటే, నిర్మాత ప్రిన్స్ జామీ వేగం తగ్గించి రికార్డు చేశారు. ఆ ఒక్క రిద్దిం మీద వందలాది పాటలు వచ్చాయి. కాబట్టి ఒక మామూలు ల్యాప్‌టాప్, ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైకు, మూసి ఉండే హెడ్‌ఫోన్లు ఉంటే పని మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్‌గా రీపర్, బ్యాండ్‌ల్యాబ్, ఎల్ఎంఎంఎస్‌లలో ఏదైనా సరిపోతుంది. కరెంటు పోయే వేళలున్న వీధి అయితే చిన్న యూపీఎస్ తప్పనిసరి.

గొంతు రికార్డు చేసే గది విషయంలో కింగ్ టబ్బీని గుర్తుంచుకోండి. వాటర్‌హౌస్ ప్రాంతంలోని తన ఇంట్లో స్నానాల గదినే ఆయన గొంతు రికార్డు చేసే గదిగా మార్చారు. మన ఇళ్లలో గచ్చు, సున్నపు గోడలు శబ్దాన్ని వెనక్కి కొడతాయి. బట్టల బీరువా తెరిచి దాని ముందు నిలబడినా, తాడు కట్టి బొంతలు వేలాడదీసినా ఆ ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. ఫ్యాను ఆపండి. వీధిలో బండ్ల రద్దీ తగ్గిన రాత్రి వేళ అనుకూలం. స్థాయి అత్యధికంగా మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే, ఉత్సాహంలో గొంతు పెరిగినా శబ్దం చిట్లదు.

జాతరల్లో మోగే పలక వాద్యాలను రిద్దింలో వాడాలని ఈ ప్రాంతం వారికి అనిపించడం సహజం. తిరుపతి గంగమ్మ జాతరలో ఆ మోత విని పెరిగినవారి ఒంట్లో ఆ లయ ఉంటుంది. అయితే జాతర జరుగుతుండగా ఫోనుతో పట్టుకొన్న శబ్దాన్ని తెచ్చి అతికించవద్దు. వాయించేవారిని పిలిచి, మాట్లాడుకొన్న మొత్తం చెల్లించి, పలకను మంట దగ్గర కాచి శ్రుతికి తెచ్చుకొనే సమయం వారికి ఇచ్చి, మైకును రెండు మూడు అడుగుల దూరంలో పెట్టి రికార్డు చేయండి. వన్ డ్రాప్ వదిలిన మొదటి దెబ్బను పలకతో నింపితే రెగ్గే మాయమవుతుంది కనుక, మూడో దెబ్బ తరువాత వచ్చే జవాబుగా మాత్రమే వాయించమని అడగండి. అనుభవం ఉన్నవారు ఒకసారి చెప్పగానే పట్టుకొంటారు.

తయారైన రిద్దింను హెడ్‌ఫోన్లలో మాత్రమే విని తృప్తి పడకండి. బేస్ గిటారులోని అడుగు స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోను స్పీకరుకు అది వినిపించే శక్తి లేదు. బేస్‌కు కొద్దిగా శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకుగా మార్చే ప్రభావం) కలిపితే పై స్వరాంశాలు పుట్టి, చిన్న స్పీకరులో కూడా రాగం తెలుస్తుంది. తెలిసిన ఆటో అన్నను అడిగి ఆయన బండిలో వేయించుకొని వినండి. అక్కడ బేస్ రాగం వినబడి, మాట స్పష్టంగా తెలిస్తే మిక్సింగ్ సరిగ్గా కుదిరినట్టే.

డబ్ చేయడం

కింగ్ టబ్బీ అసలు పేరు ఓస్‌బోర్న్ రడాక్. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మనిషిగా మొదలై, హోమ్ టౌన్ హై-ఫై అనే సౌండ్ సిస్టమ్ నడిపి, నాలుగు ట్రాకుల మిక్సర్ ఒకటి కొని, దానినే వాద్యంగా మార్చిన వ్యక్తి ఆయన. పూర్తయిన పాటలో నుంచి గొంతును, గిటారును తీసేసి, డ్రమ్స్, బేస్ మాత్రం మిగిల్చి, తీసేసినవాటి ముక్కలను ప్రతిధ్వనితో అప్పుడప్పుడు తేల్చి చూపడమే డబ్. రిద్దిం పూర్తయిన ప్రతిసారీ దాని డబ్ కూడా చేసుకోండి. ఒకే రికార్డింగు నుంచి రెండో పాట వస్తుంది. పైగా వేదిక మీద మీరు మాట పలకడానికి కావలసిన చోటు అందులో సిద్ధంగా ఉంటుంది.

డిలే (శబ్దం ప్రతిధ్వనిగా తిరిగి వినిపించే) సమయాన్ని ఊహతో పెట్టకుండా లెక్క కట్టండి. 60,000ను వేగంతో భాగిస్తే ఒక దెబ్బకు ఎన్ని మిల్లీసెకన్లో తెలుస్తుంది. 75 వేగానికి 800. దానిలో ముప్పాతిక వంతు, అంటే 600 మిల్లీసెకన్ల డిలే, స్కాంక్ మీద వేసినప్పుడు ప్రతిధ్వని దెబ్బల మధ్య సందుల్లో పడి ఊగుతుంది. డిలే, రివర్బ్ (గదిలో మోగినట్టు చేసే ప్రభావం) రెండింటినీ ట్రాకు మీద నేరుగా వేయకుండా సెండ్‌ల (శబ్దంలో కొంత భాగాన్ని పక్కకు పంపే దారుల) ద్వారా పంపించండి. అడుగు స్వరాలను తగ్గించే హై-పాస్ ఫిల్టరును చేత్తో తిప్పే బటనుకు కలుపుకోండి. టబ్బీ మిక్సరులో ఆయన ముద్రగా నిలిచిన శబ్దం ఆ ఫిల్టరుదే. తరువాత మౌస్‌తో గీతలు గీయకుండా, పాటను మొదటి నుంచి చివరి వరకు నడిపిస్తూ చేతులతో ఒకే ఊపులో మిక్స్ చేసి రికార్డు చేయండి. కుదరకపోతే మళ్లీ మొదటి నుంచి చేయండి. వినేవారికి అందులో మనిషి చేయి తెలుస్తుంది.

హక్కులు, కాగితాలు

జమైకాలో ఒక నిర్మాత రిద్దింను మరొకరు తిరిగి వాయించుకోవడం ఆనవాయితీగా నడిచింది. ఆ ఆనవాయితీని నమ్ముకొని యూట్యూబ్‌లో దొరికిన జమైకా రిద్దిం మీద మాటలు పలికి అమ్మకానికి పెట్టకూడదు. సాధనకు వాడుకోండి, విడుదలకు మాత్రం సొంత రిద్దిం కట్టుకోండి. అన్నమయ్య సంకీర్తనలను తీసుకోవాలనుకొనేవారికి ఇదే సంగతి మరో రూపంలో ఎదురవుతుంది. 15వ శతాబ్దపు సాహిత్యం మీద ఎవరికీ కాపీరైటు లేదు. అయితే మనం ఈనాడు వింటున్న స్వరాలలో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు 20వ శతాబ్దంలో కూర్చారు. భారత చట్టం ప్రకారం స్వరకర్త మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు ఆ స్వరాల మీద హక్కు ఉంటుంది. రికార్డింగుల హక్కు మళ్లీ వేరు. అందుచేత సాహిత్యం అన్నమయ్యదే అయినా స్వరం మీదై ఉండాలి, లేదా అనుమతి మీ చేతిలో ఉండాలి.

ఎవరితో పని చేసినా కాగితం రాసుకోండి. కాపీరైటు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. బదిలీ ఎంతకాలమో రాయకపోతే చట్టం దానిని ఐదేళ్లుగా, ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తుంది. ఎవరైనా "అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న కాగితం ముందు పెట్టి తొందర చేస్తే, ఇంటికి తెచ్చి తెలిసిన లాయరుకు చూపించిన తరువాతే సంతకం చేయండి. మాటలు రాసినవారు, స్వరం కూర్చినవారు రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ అయిన ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరితే, ఆ పాటలు వాడుకొన్నచోట వచ్చే రాయల్టీ వారికి అందే మార్గం ఏర్పడుతుంది. ప్రతి రికార్డింగుకూ దానిని ప్రపంచమంతటా గుర్తించే ఐఎస్ఆర్‌సీ సంఖ్య తీసుకోండి. పాటను ఆన్‌లైన్ వేదికలకు చేర్చే డిస్ట్రిబ్యూటరు ఇచ్చినా సరే, ఆ సంఖ్యను మీ దగ్గర రాసి పెట్టుకోండి. అన్ని ట్రాకులూ విడివిడిగా ఉన్న అసలు ఫైళ్లను రెండు వేర్వేరు డిస్కులలో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి. డ్యూక్ రీడ్ దగ్గర టేపులు ఉండడం వల్లనే 1970 నాటి ఆ మూడు రికార్డులు సాధ్యమయ్యాయి.

జనం ముందుకు రావడం

మొదటి ప్రదర్శన చిన్నదిగా, మూసిన హాలులో పెట్టుకోండి. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు వాడాలంటే పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిషేధం ఉంటుంది. నివాస ప్రాంతాలలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ అలిపిరి దారిలోనే ఉన్నాయి కనుక ఆ వైపు ఆలోచన మానుకోవాలి. రెగ్గే బేస్ గోడలు దాటి పోతుంది. పక్కింటి పెద్దలకు ముందుగానే చెప్పి, ఏ సమయానికి ఆపుతారో కూడా మాట ఇవ్వండి. కొండ మీద ఆలయ పరిసరాలలో పాటల వీడియోలు తీయకండి.

సౌండ్ సర్వీసు వారి దగ్గర పెట్టెలు అద్దెకు తీసుకొనేటప్పుడు 18 అంగుళాల సబ్ ఊఫర్లు అడగండి. సంఖ్య తక్కువైనా ఫరవాలేదు, వాటన్నిటినీ ఒకేచోట పేర్చి పెట్టించండి. విడివిడిగా మూలల్లో పెడితే బేస్ కొన్నిచోట్ల పెరిగి కొన్నిచోట్ల పూర్తిగా మాయమవుతుంది. రెగ్గే సౌండ్ సిస్టమ్ సంప్రదాయంగా మోనోలోనే నడుస్తుంది, హాలులో ఏ మూల నిలబడినవారికైనా ఒకే పాట వినిపించాలన్నది దాని ఉద్దేశం. సెలెక్టరుగా నమ్మకమైన స్నేహితుణ్ణి పెట్టుకొని, ఏ డబ్ తరువాత ఏ డబ్ వస్తుందో, మీరు చేయి ఎత్తితే పాటను వెనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి వేయాలని, ముందే మాట్లాడుకోండి. జనం మెచ్చిన పాటను ఇలా వెనక్కి తిప్పి వేయడం జమైకా నృత్యసభల్లో గౌరవం.

దేశంలో ఈ సంగీతానికి వేదికలు లేకపోలేదు. ఢిల్లీలో రెగ్గే రాజాస్ బృందం, గోవాలో గోవా సన్‌స్ప్లాష్ ఉత్సవం ఇప్పటికే ఒక దారి వేశాయి. వారికి పంపేటప్పుడు ఒక పాట, దాని డబ్, మాటల భావాన్ని క్లుప్తంగా చెప్పే నాలుగు వాక్యాలు పంపితే చాలు. ఈలోగా మీ మొదటి రిద్దింను మీ దగ్గరే దాచుకోకుండా, చిత్తూరులో ఒక గాయనికి, మదనపల్లెలో ఒక ర్యాపరుకు, శ్రీకాళహస్తిలో ఒక భజన బృందానికి ఇచ్చి, ఒక్కొక్కరితో సొంత పాట చేయించండి. రిద్దిం హక్కు మీది, మాటల హక్కు వారిది, ఆదాయం ఎలా పంచుకోవాలో ఒక పేజీ ఒప్పందంలో రాసుకోండి. మీ పాటతో కలిపి నాలుగు పాటలు ఒకే వారంలో విడుదలైతే, వినేవారు ఒకే బేస్ మీద నాలుగు గొంతులను పోల్చి చూస్తారు. అక్కడితో మీరు నిర్మాత అయినట్టే.